మైకా రంపం మొన

అన్నయ్య పడవ మోటారును బండి మీద రేవుకు తీసుకెళ్లాక, పిచ్చుక రిపేరు షాపులో అయస్కాంతానికి దారం కట్టి బల్ల కింద నేలంతా ఈడ్చింది. ఇనుప రజను అంటుకుంది. రెండు మేకులు, ఒక వాషరు అంటుకున్నాయి. ఆమె వెతుకుతున్నది మాత్రం అంటుకోలేదు.

వెతుకుతున్నది రంపం మొన. గోరు కత్తిరిస్తే రాలే ముక్క ఎంత ఉంటుందో అంత ఉంటుంది.

ఆ రంపం బజారులో కొన్నది కాదు. ఇనుము కోసే బ్లేడును విరిచి, చెక్క పిడిలో బిగించి, రెండు పక్కలా సానరాయి మీద పలచగా అరగదీసి అన్నయ్య తయారుచేసుకున్నాడు. పడవ మోటారులో తిరిగే భాగానికి, అంటే ఆర్మేచరుకు, ఒక చివర కమ్యుటేటర్ ఉంటుంది. రాగి పట్టీలను పక్కపక్కన పేర్చిన దిమ్మ అది. ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి కరెంటు దూకకుండా మధ్యలో మైకా రేకు పెడతారు. వాడకంలో రాగి అరుగుతుంది, మైకా అరగదు. మైకా పైకి తేలితే దాని మీద నడిచే కార్బన్ బ్రష్షులు ఎగిరి పడి నిప్పులు రాలుస్తాయి. అందుకని ఒక్కో సందులో రంపం పెట్టి, తన వైపు లాగుతూ, మైకాను రాగి కంటే కిందికి దించాలి. చెయ్యి జారితే రాగి మీద గీత పడుతుంది. చెయ్యి బరువెక్కితే బ్లేడు విరుగుతుంది.

నిన్న విరిగింది.

ఆ షాపులో దానికో కట్టుబాటు ఉంది. బ్లేడు విరిగితే పని ఆపాలి. ఊడిన ముక్కను వెతికి తెచ్చి, పిడిలో మిగిలిన దాని పక్కన బల్ల మీద పెట్టాలి. రెండూ అతికినట్టు కుదిరాయని పని చేసిన మనిషి కాక ఇంకొకరు చూడాలి. ఆ తర్వాతే మోటారుకు మూత. అన్నయ్యకు ఈ పద్ధతి పని నేర్పిన మేస్త్రీ దగ్గర అబ్బింది. అన్నయ్య వదినకు నేర్పాడు. బట్టల ఫ్యాక్టరీ మూతపడి పిచ్చుక వాళ్లింటికి వచ్చినప్పుడు వదిన ఆమెకు నేర్పింది. పిచ్చుక అన్నది అన్నయ్య చిన్నప్పుడు పెట్టిన పేరు. మనిషి పొట్టి, నడక గెంతులు. అసలు పేరు ఇంట్లో ఎవరి నోటా రాదు.

నిన్న మొన ఊడినప్పుడు ఇంకా నాలుగైదు సందులే మిగిలాయి. సరంగు గుమ్మంలో నిలబడి, తన పడవ రేవులో కట్టేసి ఎన్నాళ్లయిందో చెబుతున్నాడు. అన్నయ్య నిప్పుల మీద నడుస్తున్నట్టు లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. పిచ్చుక ఒళ్లో చూసింది, బల్ల మీద చూసింది, చెప్పుల కింద చూసింది. ముక్క లేదు. లేదని చెబితే మోటారు మొత్తం విప్పాలి. వదిన "కుట్టుమిషను చేతులు కదా, గుడ్డనుకున్నావా" అంటుంది. పాత బ్లేడు ముక్కలు వేసే డబ్బా చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. పిచ్చుక అందులోంచి ఒక ముక్క ఏరి విరిగిన చోట ఆనించింది. కుదిరీ కుదరనట్టు కుదిరింది.

వదిన వంగి చూసింది. "ఊఁ, కానీ" అంది.

పిచ్చుక కొత్త బ్లేడు బిగించి మిగతా సందులు పూర్తి చేసింది. పరీక్షలో మోటారు నిప్పురవ్వ లేకుండా తిరిగింది. సరంగు మొహం విచ్చుకుంది. రాత్రి పిచ్చుకకు నిద్ర పట్టలేదు.

పరీక్షలో తిరిగినంత మాత్రాన లాభం లేదని ఆమెకు తెలుసు. ముక్క కమ్యుటేటర్ వెనక తీగల మధ్య ఎక్కడో కూర్చుని ఉంటే పరీక్షకు దొరకదు. మోటారు అదిరి అదిరి దాన్ని ముందుకు తోసిన రోజున సందులో పడుతుంది. ఆ సందు వెడల్పుకు సరిపడా అరగదీసిన బ్లేడు అది. పడితే కొలిచి చేసినట్టు ఇరుక్కుంటుంది. ఇటు రాగినీ అటు రాగినీ కలిపేస్తుంది. తీగ కాలుతుంది, మోటారు ఆగుతుంది. ఆగేది ఏటి నడుమ. అక్కడ గెడ అడుగుకు అందదు, రాతి నేల మీద లంగరు పట్టదు. దిగువన ఆనకట్ట ఉంది, నీళ్లు దాని మీంచి దూకుతున్నాయి.

ఆమె నేల మీద మళ్లీ అయస్కాంతం ఈడ్చింది. ఊడ్చిన చెత్త గంపలో చూసింది. నిన్న కట్టి విడిచిన చీరను తెచ్చి దులిపింది, అంచులు తడిమింది.

"ఏం పోయిందమ్మా, వజ్రమా?" వదిన గుమ్మంలో తీగ చుట్ట భుజానికి తగిలించుకుని నిలబడింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది పిచ్చుకకు. "ఏం లేదొదినా."

"ఏం లేనిదానికి చెత్తగంప బోర్లించావా?"

పిచ్చుక లేచి నిలబడింది. అయస్కాంతం చేతిలో ఊగుతోంది. "నిన్నటి ముక్క దొరకలేదు."

వదిన తీగ చుట్టను కింద పెట్టింది. తిట్టలేదు, ఎందుకని అడగలేదు. "డబ్బాలోంచి తీశావా?" అంది.

"ఆఁ."

"అన్నయ్యకు ఫోన్ చెయ్."

చేశారు. మోగి మోగి ఆగింది. అన్నయ్య పడవ అడుగున మోటారు బిగిస్తూ ఉంటాడు, ఫోను పైన సంచిలో ఉంటుంది. ఇంకోసారి చేశారు. సరంగుకు చేస్తే వేరే ఎవరితోనో మాట్లాడుతున్నాడని వచ్చింది.

"పరిగెత్తు," అంది వదిన. "నేను షాపు మూసి వస్తా. నీ కాళ్లకంటే నా కాళ్లు పెద్దవి, అందుకుంటాలే. పో."

వీధి చివర లారీ ఒకటి అడ్డంగా తిప్పుకుంటోంది. పిచ్చుక దాని వెనక చక్రానికీ గోడకూ మధ్యలోంచి దూరింది. డ్రైవరు ఏదో అరిచాడు. రేవుకు దిగే మెట్ల మీదికి వచ్చేసరికి పడవ నిండా జనం కనిపించారు. సైకిళ్లు ఎక్కించారు. ఒకామె చంకలో పిల్ల. స్కూలు బట్టల్లో ఆడపిల్లలు అంచున వరసగా కూర్చున్నారు. ఖాళీ పడవతో ఒకసారి తిప్పి చూద్దామని అన్నయ్య అని ఉంటాడు. సరంగు విని ఉండడు.

సరంగు తాడు విప్పుతున్నాడు.

"ఆపండి!" అంది పిచ్చుక. ఎవరూ ఇటు తిరగలేదు. మళ్లీ అంది.

"ఎక్కేదుంటే ఎక్కమ్మా, చోటుంది," అన్నాడు సరంగు.

"ఎక్కను. మోటారు వెయ్యకండి. అన్నయ్యా!"

అన్నయ్య పడవ అడుగు మీది చెక్క పలక ఎత్తి తల బయటపెట్టాడు. నుదుటి మీద గ్రీజు. "ఏమే?"

చెవిలో చెప్పే దూరంలో లేడు. పడవకూ మెట్టుకూ మధ్య నీళ్లున్నాయి. అంతమంది ముందూ గట్టిగా చెప్పాలి. "నిన్న బ్లేడు విరిగింది. ముక్క దొరకలేదు. నేను చూపించింది వేరే ముక్క. మోటారులో ఉందేమో."

అన్నయ్య ఆమెను చూశాడు, తర్వాత సరంగును, తర్వాత జనాన్ని చూశాడు.

"ఏంటి మేస్త్రీ, మోటారు బాగుచేశారా, అందులో ఇనుపసామాను దాచారా?" అన్నాడు సరంగు.

సైకిలాయన నవ్వాడు. "గోరంత ముక్కకు ఇంత గోలా? పోనివ్వవయ్యా, ఎండెక్కుతోంది."

"మీకేం, మీకు ఈతొచ్చు," అంది చంకలో పిల్ల ఉన్నామె. అంటూనే లేచింది. ఆమె లేవడంతో స్కూలు పిల్లలు లేచారు. కాసేపటికి సైకిలాయన కూడా సైకిలు భుజాన వేసుకుని, పైకి వినబడేలా తిట్టుకుంటూ, వంతెన దారి పట్టాడు. వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు వెళ్లాలంటే పొద్దు గడిచిపోతుంది.

సరంగు తాడును మళ్లీ గుంజకు కట్టాడు. "ఇందాక నలుగురి ముందు నీ పని గురించి గొప్పలు చెప్పానయ్యా," అన్నాడు. "నా నోటికి తాళం వేసుకోవాల్సింది."

అన్నయ్య బ్రష్షుల దగ్గర కిటికీ మూత విప్పి, లోపలికి దీపం పట్టి, చేత్తో మోటారును కొంచెం కొంచెంగా తిప్పుతూ సందులన్నీ చూశాడు. పుల్లకు అయస్కాంతం కట్టి లోపలికి పంపాడు. ఏమీ రాలేదు. కిటికీలోంచి కనిపించేది ముందు భాగమే. వదిన వచ్చేసరికి బోల్టులు విప్పేస్తున్నాడు.

ముగ్గురూ కలిసి మోటారును బండి మీద షాపుకు తోసుకొచ్చారు. తిరిగే భాగాన్ని బయటికి లాగి రెండు చెక్క దిమ్మల మీద ఆనించారు. కింద తెల్ల గుడ్డ పరిచారు. అన్నయ్య గాలి గొట్టంతో ఊదాడు. నల్లటి పొడి రాలింది. కమ్యుటేటర్ వెనక తీగలు పట్టీలకు అతికే చోట చిన్న గాడి ఉంటుంది. అన్నయ్య దాని వెంట అయస్కాంతం పోనిచ్చాడు. ఒక చోట అయస్కాంతం చేతిని లాగింది.

"ఉంది," అన్నాడు.

పిచ్చుక గోడకు చేరగిలబడింది. వదిన మంచినీళ్ల సీసా ఆమె చేతిలో పెట్టింది.

అన్నయ్య సన్నటి చెక్క పుల్లతో గీరాడు. ముక్క వెంటనే ఊడలేదు. ఇంకోసారి గీరితే గుడ్డ మీద పడింది. ఆయన దాన్ని వేలి కొనకు అంటించుకుని, నిన్న విరిగిన బ్లేడు పక్కన పెట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బోర్లించి చూశాడు.

"అతకడం లేదు."

"సరిగ్గా పెట్టన్నయ్యా."

"నువ్వే పెట్టు."

పిచ్చుక పెట్టింది. ఆమె బ్లేడు ఏటవాలుగా విరిగింది. ఈ ముక్క అడ్డంగా విరిగింది. పైగా ముక్క బెల్లం రంగులో ఉంది. గోరుతో గీరితే పొట్టు లేచింది. వార్నిష్.

ఈసారి వాళ్లు తీగ జోలికి పోలేదు కాబట్టి వార్నిష్ డబ్బా తెరవలేదు. ఈ మోటారుకు వార్నిష్ పూసింది రెండేళ్ల కిందట, తీగ మొత్తం కొత్తగా చుట్టినప్పుడు. అలా చుట్టినప్పుడు, మైకా దించాక చివర్లో తీగల మీద ఒక పూత వేస్తారు. అప్పటికి పిచ్చుక ఈ ఇంటికి రాలేదు. అప్పట్లో రంపం పట్టింది వదిన ఒక్కతే.

అన్నయ్య భార్య వైపు చూశాడు.

"నన్నేం చూస్తావ్?" అంది వదిన. "ఆ రోజు ముక్క చూపించమన్నావు. చూపించాను."

"అతికింది కదా?"

"అతికిందో లేదో చూసింది నువ్వు."

వదిన ముక్కును కొంగుతో తుడుచుకుంది. "ఇదే సరంగు. ఇదే గుమ్మం. పిల్లాడు కడుపులో ఉన్నాడు, నడుం పడిపోతోంది. మోటారంతా విప్పుదామంటే నువ్వు మింగేసేలా ఉన్నావు. ఆ తర్వాత నెలంతా ఆ పడవ హారన్ వినబడ్డప్పుడల్లా లెక్కపెట్టుకునేదాన్ని, వెళ్లింది, వచ్చింది, వెళ్లింది, వచ్చింది అని. తర్వాత మర్చిపోయాను. ఎలా మర్చిపోయానో."

రెండేళ్లు ఆ ముక్క మీదే జనం ఏరు దాటారు. పూత వేసిన వార్నిష్ ఎండి, దాన్ని ఉన్న చోటే పట్టి ఉంచింది. పట్టి ఉంచుతుందని ఎవరూ అనుకుని పూయలేదు.

బల్ల మీద ఫోను మోగింది. సరంగు. అన్నయ్య దాన్ని మోగనిచ్చి ముక్కను చూస్తూ కూర్చున్నాడు.

"రెండేళ్లు నడిచింది," అన్నాడు. ఎవరితోనూ అన్నట్టు కాదు. "ఊదాం, అయస్కాంతం పెట్టాం. పిచ్చుక ముక్క దీంట్లో ఉంటే ఇప్పటికి వచ్చేది. ఎగిరి రోడ్డు మీద పడిందేమో. గుమ్మం ఇంత దూరంలో ఉంది. మూసేద్దాం."

కిటికీ మూత పిచ్చుక పక్కనే ఉంది. ఆమె దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసింది.

"ఇటివ్వు."

"ఇవ్వను."

"నిన్న కళ్లు మూసుకుని డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు లేదే ఈ పట్టుదల!"

"లేదు," అంది పిచ్చుక. "వదిన ముక్క జిగురులో ఇరుక్కుంది కాబట్టి నడిచింది. నా ముక్కకు జిగురు లేదు."

ఫోను ఆగి మళ్లీ మోగింది. వదిన కిందికి దిగి, ఆర్మేచరుకు ఆ పక్కన బాసిపట్టు వేసుకుని కూర్చుంది. "మూత దాని దగ్గరే ఉండనీ," అంది మొగుడితో. "నువ్వు దీపం తే. ఆ పెద్దది. బాడీ లోపల అయస్కాంతాల చుట్టూ చూడలేదు. బుర్ర ఉన్నవాళ్లు మొదట అక్కడ చూస్తారు, ఇనుము అయస్కాంతానికే కదా అతుక్కునేది."

అన్నయ్య ఫోను ఎత్తాడు. సరంగు గొంతు షాపంతా వినబడింది. జనం రేవులో పోగవుతున్నారు, ఏం చెప్పమంటావు అని అడుగుతున్నాడు.

"వంతెన మీదుగా వెళ్లమను," అన్నాడు అన్నయ్య.

"ముక్క దొరకలేదా?"

అన్నయ్య ఇద్దరు ఆడవాళ్లనూ చూశాడు. "ఒకటి దొరికింది. ఇంకోటి దొరకాలి."

"ఎన్ని ఉన్నాయయ్యా అసలు?" అన్నాడు సరంగు.

అన్నయ్య ఫోను బోర్లించి, పెద్ద దీపం తెచ్చి, మోటారు బాడీని వెలుతురుకు తిప్పాడు. పిచ్చుక ఒక చేత్తో మూతను పట్టుకుని, రెండో చేత్తో సుద్దముక్క అందుకుని, ఎక్కడ మొదలుపెట్టారో తెలియడానికి మొదటి సందు పక్కన గీత గీసింది. వదిన ఆర్మేచరును ఒక పట్టీ మేర తిప్పింది.

"చూశావా?"

"చూశాను."

"నువ్వు చెబితే చాలదు," అంది వదిన. ఆమె కూడా వంగి ఆ సందును చూసింది. చూశాకే రెండో పట్టీకి తిప్పింది.