మూడో ప్రయత్నపు మనిషి

లవెల్ ప్రూయిట్‌కి ముప్పై నాలుగేళ్లు. మూడు గంటల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో అతని పని పట్టుమని పది నిమిషాలుండదు. పది గజాలు ముందుకు పోవడానికి ఒక్కో జట్టుకి నాలుగు ప్రయత్నాలుంటాయి. అవతలి జట్టు మూడో ప్రయత్నంలో ఉండి, ఇంకా చాలా గజాలు కావలసి, బంతి విసరక తప్పనప్పుడే కోచ్ గ్రబోవ్‌స్కీ అతన్ని మైదానంలోకి వదులుతాడు. ఉరికి, విసిరేవాణ్ణి పడగొట్టి, తిరిగొచ్చి బెంచీ మీద కూర్చోవాలి. ఆ నాలుగు పరుగులే అతని అన్నం. ఈ ఏడాది పదకొండు ఆటలైనా ఒక్కసారీ పడగొట్టలేదు. ఇలాగే పోతే వచ్చే ఏడు జట్టులో చోటుండదు.

ఆ ఆదివారం ఆఖరి రెండు నిమిషాలు. లవెల్ వాళ్లు నాలుగు పాయింట్లు ముందున్నారు. అవతలివాళ్లకి మూడో ప్రయత్నం, ఇంకా ఎనిమిది గజాలు కావాలి. మైదానం పక్కనున్న సరస్సు మీది గాలి చెవులు కోస్తోంది.

"వెళ్లు పెద్దాయనా," అన్నాడు కోచ్ వీపు చరిచి. "బయటివైపు నుంచి పో. ఇది నీదే."

లవెల్ ప్రాణం పెట్టి ఉరికాడు. ఎదురుగా ఉన్న నూట యాభై కిలోలవాడు అడ్డుపడలేదు, పక్కకి తప్పుకుని దారిచ్చాడు. విసిరేవాడి చేతిలో బంతి లేదు. దాన్ని చంకన పెట్టుకుని ఇంకొకడు, లవెల్ వదిలొచ్చిన ఖాళీలోంచి దూసుకుపోతున్నాడు. గిరుక్కున తిరగబోయేసరికి మోకాలు మెలిపడింది. కింద పడి చూశాడు. ఆ ఖాళీలో తన జట్టువాడే, ఐజయా కోల్టర్, ముందే కాచుకుని ఉన్నాడు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే కూల్చాడు. నాలుగో ప్రయత్నం కూడా తుస్సుమంది. గెలిచారు.

సోమవారం అందరినీ కూర్చోబెట్టి కోచ్ ఆ వీడియో వేశాడు.

"ప్రూయిట్ దిగాడంటే ముందుకే ఉరుకుతాడని లోకమంతటికీ తెలుసు. అతను వదిలే ఖాళీలోంచే బంతి తెస్తారని బుధవారమే చెప్పానా లేదా? ప్రూయిట్ ఎర, ఐజయా గాలం."

"అన్న ఏం నటించాడు కోచ్," అన్నాడొకడు వెనక వరసలోంచి.

"నటించలేదురా, అతనికి చెప్పనేలేదు, అందుకే అంత బాగా కుదిరింది."

గదంతా నవ్వింది. మైదానంలో ఉన్న పదకొండు మందిలో పది మందికి తెలుసు.

బయట వసారాలో లవెల్ ఐజయాని ఆపాడు. ఇద్దరూ ఆరేళ్లు పక్కపక్కనే ఆడినవాళ్లు.

"బుధవారం రాత్రి మా ఇంట్లోనే తిన్నావు కదరా."

"కోచ్ చెప్పొద్దన్నాడన్నా. చెబితే నువ్వు నిలబడే తీరులోనే వాళ్లు పట్టేస్తారని."

"ఈ ఆదివారం ఒకణ్ణి పడగొడతావన్నా అన్నావు. మా ఆవిడ ముందు అన్నావు. అది విని ఆమె ఇంకో రెండు పక్కటెముకల మాంసం ముక్కలు నీ పళ్లెంలో వేసింది."

"ఏదో ధైర్యం చెబుదామని. గెలిచాం కదన్నా."

వాడుకున్నవాడి మీద కోపం ఎప్పటికైనా చల్లారుతుంది. తెలిసీ ఎదురుగా కూర్చుని తిన్నవాణ్ణి ఏం చేయాలో లవెల్‌కి తోచలేదు.

కోచ్ అటుగా వచ్చాడు. "మోకాలెలా ఉంది పెద్దాయనా? వచ్చే ఆదివారానికి సిద్ధమేగా?"

"పడగొట్టడానికా, ఎరగానా?"

"అది నీకు తెలిస్తే నువ్వెందుకయ్యా నాకు?" నవ్వుతూ వెళ్లిపోయాడు కోచ్.

ఐజయా మంచు సంచి తెచ్చి, వంగి, అతని మోకాలికి కట్టబోయాడు. లవెల్ కాలు వెనక్కి తీసుకున్నాడు.

"అక్కడ పెట్టి పో," అన్నాడు. "వచ్చే ఆదివారం సంగతి తెలిసినా నాకు చెప్పకు. నువ్వు చెబితే నమ్మను."