అడిగింది అమ్మాయిని

బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక ఏళ్ల తరబడి కూర్చుని ఆవిడకు ఒక జబ్బు పట్టుకుంది. ఎదుటివాళ్లు ప్రశ్న పూర్తి చేసేలోపే జవాబు చెప్పేస్తుంది. ఊరి పేరులో మొదటి అక్షరం చెవిన పడితే చాలు, ప్లాట్‌ఫారం నంబరు విసిరేస్తుంది. కూతుర్ని ఎవరైనా పలకరించినా అంతే. పేరు, తరగతి, ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరన్న సంగతి, అన్నీ తనే అప్పజెప్పేస్తుంది. "దాన్ని కూడా కాస్త నోరు తెరవనియ్యవే" అని మొగుడంటే, "దానికి చేతులున్నాయి, నోటికి నేనున్నాగా" అంటుంది.

నిజానికి ఆ చేతులు అలాంటివే. బంతిని దాటనివ్వదని జట్టంతా ఆ పిల్లను గోడ అని పిలిచేవారు. కిందటి పోటీలో బంతి కోసం దూకినప్పుడు అవతలి అమ్మాయి మోకాలు కణతకు తగిలి పడిపోయింది. రక్తం రాలేదు, స్కానులో ఏమీ కనబడలేదు. గండం గడిచిందనుకున్నారు అందరూ. గడవడమేమిటి, తిన్నగా ఇంటికొచ్చి కూర్చుంది. పిల్ల చదివిన పేజీనే మళ్లీ చదువుతోంది. పొయ్యి మీద పాలు పెట్టి, అక్కడెందుకు నిలబడిందో మరిచిపోతోంది. మాట మధ్యలో మాట దొరక్క ఊరుకుంటోంది. వెలుతురు గిట్టక పగలే కర్టెన్లు వేసుకుని పడుకుంటోంది. ఏం చెప్పినా నిజంగానే గోడకు చెప్పుకున్నట్టుంది.

మైదానంలో దిగితే అన్నీ అవే సర్దుకుంటాయని తల్లి తేల్చేసింది. ఆదివారం పెద్ద జట్టుకు ఎంపిక. ఆడవచ్చని డాక్టరు సంతకం పెడితేనే రానిస్తారు. మళ్లీ తలకు తగిలితే ప్రమాదమని చెప్పారు కూడా. అయినా కన్నతల్లికి ఆశ ఉండటంలో తప్పేముంది? ఆ ఆశ కోసం అబద్ధాలాడటానికి సిద్ధపడి పిల్లతో ఆస్పత్రికి వచ్చింది చూడండి, అదీ తప్పు.

"తలనొప్పి తగ్గిందా?" అని డాక్టరమ్మ పిల్లను అడిగింది.

"ఎప్పుడో పోయిందండీ," అంది తల్లి.

"నిద్ర పడుతోందా?"

"మొద్దు నిద్రండీ. లేపలేక చస్తున్నాం."

"నేనడిగింది అమ్మాయిని."

"అది కాస్త తక్కువ మాట్లాడుతుందిలెండి. చదువు కూడా బాగానే సాగుతోంది."

పిల్ల నేలచూపులు చూస్తూ కూర్చుంది. డాక్టరమ్మ విసుక్కోలేదు. కలం పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని, మెల్లగా అడిగింది. "చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా తల్లీ?"

అలవాటు కొద్దీ తల్లి నోరు తెరుచుకుంది. "ఛఛ, మా అమ్మాయికి..." అంటూ పక్కకు తిరిగింది. పిల్ల తలెత్తి తన నోటివైపే చూస్తోంది. అమ్మ ఏది చెబితే అదే ఖాయం చేసుకుందామన్నట్టు చూస్తోంది. పిల్ల మతిమరుపంతా ఆవిడ కనిపెట్టింది కానీ, ఇలాంటిదొకటి ఉండొచ్చని తోచనే లేదు.

"నాకు తెలీదండీ," అంది. "ఇందాక చెప్పినవి కూడా నిజం కాదు. తలనొప్పి తగ్గలేదు, నిద్రా లేదు. ఆట పోతుందని దాచాను."

"అమ్మా, ఆదివారం..." అంది పిల్ల.

"పోతే పోనీ."

పిల్ల మాట కోసం వెతుక్కుంటోంది. పెదవులు కదులుతున్నాయి, మాట అందడం లేదు. తల్లి నాలుక చివర పది మాటలు సిద్ధంగా ఉన్నాయి. అన్నిటినీ పంటి బిగువున ఆపుకుంది. అంత కష్టమైన పని ఆవిడ జన్మలో చేసి ఉండదు.

"అనిపిస్తోంది," అంది పిల్ల చివరికి. "పొద్దున్నే... లేవగానే."

"ఆ దెబ్బ తర్వాత ఇలా చాలామందికి అవుతుంది తల్లీ," అంది డాక్టరమ్మ. "నీ తప్పేం లేదు. దీనికి వైద్యం ఉంది. ముందు నువ్వు బాగుపడాలి, ఆట సంగతి ఆ తర్వాత చూద్దాం."

పిల్ల ఆ మాటలు విందో లేదో, తల్లినే చూస్తోంది. "కోపం వచ్చిందా అమ్మా?"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల చేతులు రెండూ తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"భయమేసింది నాన్నా," అంది. "ఇంకా చెప్పు. నాకేమీ తెలీదు, నువ్వే చెప్పు."