ఎండలో ఆరేసిన పరుపు

పరుపు మీద మోకాళ్లూని కూర్చుని షకీలా మూడో అంచు కుడుతోంది. జానెడు దబ్బనాన్ని పైనుంచి గుచ్చి, కిందనుంచి లాగి, దారాన్ని వేలికి చుట్టి బిగిస్తోంది. బిగించినప్పుడల్లా ఎర్రచారల గుడ్డ మీద ఒక బుగ్గసొట్ట పడుతోంది. కనుబొమ్మల నిండా దూది నూగు. చూపుడువేలికి ముప్పై ఏళ్లుగా దారం కోసిన గాడి ఉంది, పక్క వేలికి నలభై రోజుల కిందటి వెండి ఉంగరం. ఎదురుగా బూరుగుదూది మూటకు ఆనించిన ఫోన్‌లో సముద్రం.

నలభై ఎనిమిదేళ్లకు షకీలా సముద్రం చూడబోతోంది. కొత్త భర్త షాకీర్‌ది జనగామ బస్సు డిపోలో టైర్లు బిగించే పని. ఆ సాయంత్రం రైలుకే టికెట్లు తీసి, శని ఆదివారాలు ఎక్కడ ఉండాలో చూసే పని ఆమెకు వదిలేశాడు. బాపట్ల దగ్గర ఒడ్డునే గది ఇచ్చి, పొద్దున్నే టిఫిన్ పెట్టే ఇళ్లు మూడు దొరికాయి.

ఎవరైనా ఆ ఫొటోల్లో అలలు చూస్తారు. షకీలా పరుపులు చూసింది. మొదటి ఇంట్లో మంచం మీద తువ్వాళ్లను హంసల్లా మడిచి పెట్టారు గానీ, పరుపు స్పాంజిది. ఒకరు పక్కకు తిరిగితే రెండోవాళ్లు ఎగిరిపడతారు. ఆ ఆలోచనకు తనలో తనే నవ్వుకుని, ఎవరైనా చూశారేమోనని తల వంచుకుంది. రెండో ఇంట్లో పరుపు నడుమ గుంత పడింది. పూల దుప్పటి కప్పారు గానీ ఆమె కళ్లకు దాగలేదు. మూడోది పెంకుటిల్లు. ఫొటో మూలన, ప్రహరీ మీద, ఎండలో ఆరేసిన చారల పరుపు. వేళ్లతో పెద్దది చేసి చూసింది. చేతికుట్టే. అంచులు నాలుగూ నిటారుగా ఉన్నాయి.

మొదటి భర్త పోయాక ఇరవై మూడేళ్లుగా అన్న అక్తర్ దుకాణంలో పెళ్లి పరుపులు కుడుతోంది. తన రెండో నిఖాకు మాత్రం ఎవరూ పరుపు కుట్టించలేదు. ఒక ఆదివారం కూర్చుని, కూనిరాగం తీస్తూ, తనే కుట్టుకుంది.

మధ్యాహ్నం కొడకండ్ల నుంచి అరుంధతి వచ్చింది. ఈ ఎర్రచారల పరుపు ఆమె బిడ్డ రుచిత పెళ్లికే. బుధవారానికి అందాలి. పరుపును అరచేత్తో తట్టి, ఫోన్ కేసి చూసి, విషయం అడిగి తెలుసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“గీ వయసుల హనీమూనా అక్కా?”

ఆమె నవ్వుకుంటూ మెట్టు దిగి, ఎదురుగా బండి మీద గాజులు బేరం చేయసాగింది. అక్తర్ ముఖం మాడిపోయింది. పెళ్లి చేసుకుంటానంటే ఊరుకున్నానని, ఇప్పుడు ఊరంతా నవ్వేట్టు చేస్తోందని సణిగాడు. చివరకు పరుపు కేసి చూపిస్తూ అన్నాడు.

“పోయేదుంటె నీ దబ్బనం గూడ తీస్కపో.”

షకీలా చెయ్యి ఆగింది. ఆ దుకాణంలో ఎవరి దబ్బనం వాళ్లదే. పని మానేసినవాళ్లు దాన్ని పట్టుకుపోతారు. ఇంతకుముందు ఇద్దరు అలాగే పోయారు, మళ్లీ ఈ మెట్టు ఎక్కలేదు. ఈ దబ్బనం ముప్పై ఏళ్ల కిందట పని నేర్పుతూ ఆమెకు తండ్రి ఇచ్చింది.

ఆ పెంకుటింటికి ఫోన్ చేసింది. చేతుల నిండా దూది, అందుకని స్పీకర్ పెట్టింది. అటునుంచి ఇంటావిడ, ఎంతమంది వస్తున్నారండీ, పిల్లలున్నారా అని అడిగింది.

“ఇద్దరమే. కొత్తగ పెండ్లైనోళ్లం.”

గాజుల బండి దాకా వినపడింది. అరుంధతి వెనక్కి తిరిగింది.

“మీ పరుపు రోజూ ఎండల ఏస్తరా అమ్మా?”

ఆవిడ తెల్లబోయి, తర్వాత నవ్వి, వారానికి రెండుసార్లు వేస్తామని, అది తన అత్తగారు దగ్గరుండి కుట్టించిన పరుపని చెప్పింది. అయితే మాకు ఆ పరుపే కావాలని షకీలా ఖాయం చేసేసింది.

“జర మెల్లగ మాట్లాడు. బజారంత ఇంటున్నరు,” అన్నాడు అక్తర్.

“ఇననియ్యి భాయ్. ఇనాల్ననే చెప్పిన.”

నాలుగింటికి మూడో అంచు ముగిసింది. షాకీర్ స్కూటర్ మీద వచ్చి, బావమరిదికి జంకి వీధిలోనే నిలబడ్డాడు. కొత్త చొక్కాకు మడతలు పోలేదు, గోళ్లలో టైర్ల నలుపూ పోలేదు. షకీలా ముఖం తుడుచుకుంది. నాలుగో అంచుకు సరిపడా దారం కొలిచి, దబ్బనంలోకి ఎక్కించి, పరుపు మూలన గుచ్చి లేచింది.

“దబ్బనం మర్సినవ్,” అన్నాడు అక్తర్, తల ఎత్తకుండానే.

“మర్వలే. సోమారం పొద్దుగాల వచ్చి నాలుగో అంచు కుడ్త.”

ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా స్కూటర్ ఎక్కి, షాకీర్ నడుము చుట్టూ చెయ్యి వేసింది. ఆమె జడలో చిక్కుకున్న దూదిపింజ మూలమలుపు దాకా తెల్లగా కనిపించింది.

దుకాణం మూసే వేళ అక్తర్ పరుపు దగ్గరికి వచ్చాడు. దబ్బనం మీద చెయ్యి వేశాడు. దాన్ని లాగకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. షట్టర్ దించాడు.

లోపల, ఎర్రచారల మీద, కొత్త దారంతో దబ్బనం నిలబడే ఉంది.