మేకులు దిగిన కిటికీలు

మిట్టమధ్యాహ్నం, స్పిన్నింగ్ షెడ్డులో మిషన్లన్నీ హోరెత్తుతున్న వేళ, అతుకులమ్మ తోడికోడలు నిలువునా కూలిపోయింది. పెదాల నిండా దూది పీచు. "అక్కా, ఊపిరాడట్లేదు" అన్న మాట సగంలోనే దగ్గులో కలిసిపోయింది.

పక్క మిషన్ దగ్గర్నుంచి అతుకులమ్మ పరుగెత్తుకొచ్చి ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. అతుకులమ్మ అసలు పేరు మిల్లులో ఎవరికీ గుర్తులేదు. తెగిన దారాన్ని రెండు వేళ్ళ మధ్య మెలిపెట్టి రెప్పపాటులో కలిపేస్తుంది. మనుషుల తగువులూ అంతే. మొగుడూ పెళ్ళాలు కొట్టుకున్నా, ఇద్దరు కూలీలు జుట్టూ జుట్టూ పట్టుకున్నా ముందు కబురు ఆవిడకే వెళుతుంది.

"ఎవరైనా ఆ కిటికీ తియ్యండ్రా!" అని అరిచింది.

సూపర్‌వైజర్ అడ్డంగా నిలబడ్డాడు. "తీశారంటే ఊరుకోను. పొడిగాలి లోపలికొస్తే దారం పటపటా తెగుతుంది."

"మనిషి పోతోందయ్యా!"

"షిఫ్టయ్యాక తలుపు తీస్తా. అందాకా నీళ్ళు తాగించు."

ఇదీ ఆ మిల్లు న్యాయం. పైకప్పు కింది గొట్టాల్లోంచి రోజంతా నీటి తుంపర పడుతుంది, దారానికి చెమ్మ కావాలి కాబట్టి. కిటికీలు మూసే ఉంటాయి, ఆ చెమ్మ బయటికి పోకూడదు కాబట్టి. ఉక్కా, తడీ, దూదీ కలిసి మనిషి గుండెల్లోకి దిగుతాయి. దారం సుఖంగానే ఉంది, మనిషి సంగతి ఎవడిక్కావాలి?

సైరన్ మోగేదాకా తోడికోడలు ఆ తడినేల మీదే పడుంది. ఊపిరితిత్తుల నిండా పీచు చేరిందనీ, మళ్ళీ ఆ గాలి పీలిస్తే బతకదనీ డాక్టర్ చెప్పాడు. వారంలోగా పనిలోకి రాకపోతే పేరు కొట్టేస్తామని మిల్లువాళ్ళు చెప్పారు. రెక్కాడితే గానీ డొక్కాడని ఇల్లు అది.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర అందరూ పోగయ్యారు. ఫిట్టర్ మామ మండిపడ్డాడు. "రేపే కిటికీలు బద్దలు కొడదాం!"

"తొందరపడకు మామా. నేను వెళ్ళి నాలుగు మంచిమాటలు చెప్పి ఒప్పిస్తా. అడిగేది రెండు కిటికీలే కదా," అంది అతుకులమ్మ.

"నీ అతుకులు దారానికే పనికొస్తాయమ్మాయ్. పులికి మంచిమాటలు చెప్తావా?"

అయినా వెళ్ళింది. చేతులు కట్టుకుని అడిగింది. సూపర్‌వైజర్ నవ్వాడు. "గోల చెయ్యకండి. పొద్దున్నకల్లా ఏర్పాటు చేయిస్తా."

ఏర్పాటు నిజంగానే జరిగింది. పొద్దున్నే పనిలోకి వెళ్ళేసరికి మిల్లు మొత్తంలో ప్రతి కిటికీకీ అడ్డంగా చెక్కలు పెట్టి మేకులు కొట్టేశారు. అందరూ ఆవిడ వైపే చూశారు. అతుకులమ్మకు తల కొట్టేసినట్టయింది. అంతకు మించిన కోపంతో ఒళ్ళు మండిపోయింది.

అది చాలదన్నట్టు మేనేజర్ షెడ్డులోనే మీటింగ్ పెట్టాడు. బోర్డు మీద ఒక పెద్ద సున్నా, దాని లోపల ఒక చిన్న సున్నా గీశాడు.

"ఈ పెద్దది బయటి ప్రపంచం. దూది ధర, కరెంటు చార్జీలు, సర్కారు పన్నులు, చౌకగా అమ్మే పోటీ మిల్లులు. ఇదేదీ మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఈ లోపలిదొక్కటే. మిషన్లు, క్రమశిక్షణ, మీరు. బయట బిగుసుకుంటే లోపల బిగించక తప్పదు. కిటికీ అన్న మాట ఇక వినపడకూడదు."

"అత్త మీద కోపం దుత్త మీదన్నమాట," అన్నారెవరో వెనకనుంచి. జనం గొల్లుమన్నారు.

ఫిట్టర్ మామ ముందుకొచ్చాడు. "సారూ, మొన్నామధ్య దూది ధర పడిపోయింది కదా. అప్పుడేమైనా కిటికీలు తెరిచారా?"

మేనేజర్ సుద్దముక్కతో చిన్న సున్నానే మళ్ళీ దిద్దాడు.

"లాభమొస్తే మీ ఇంటికీ, నష్టమొస్తే మా గుండెల్లోకీనా?" ఇంకో గొంతు.

"ఓనర్ గారు ఏ సున్నాలో ఉంటారు సార్?" మరో గొంతు.

"నోర్ముయ్యండి! పనిలోకి పొండి!"

మిషన్లు మొదలయ్యాయి. తోడికోడలి మిషన్ దగ్గర కొత్తగా చేరినావిడ నిలబడి ఉంది. అప్పుడే దగ్గుతోంది. అతుకులమ్మ కాసేపు ఆ దగ్గు విని, తిన్నగా ఫిట్టర్ మామ దగ్గరికి నడిచింది.

"మామా, ఆ మేకులు పీకే సుత్తి ఇటియ్యి."

"మంచిమాటలు అయిపోయాయా?"

"అయిపోయాయి."

మొదటి మేకు కీచుమంటూ ఊడొచ్చింది. ఆ వెంటనే తలా ఒక ఇనప ముక్కా పట్టుకుని అందరూ కిటికీల మీద పడ్డారు. చెక్కలు విరిగాయి. వేడిగాలే, పొడిగాలే, కానీ గాలి! జనం నోళ్ళు తెరిచి తాగారు.

దారాలు తెగడం మొదలైంది. ఒకటి, పది, వరస మొత్తం. అలవాటు ఎక్కడికి పోతుంది? అందరి చేతులూ వాటంతటవే దారాల మీదికి వెళ్ళాయి. అతుకులమ్మ వేళ్ళు కూడా కదిలాయి. ఆవిడ వాటిని గట్టిగా చంకల్లో దోపుకుంది.

"ఎవరూ అతకొద్దు! చేతులు కట్టుకోండి!"

షెడ్డంతా చేతులు కట్టుకుంది. కదుళ్ళు ఉత్తినే గిరగిరా తిరుగుతున్నాయి. మేనేజర్ వరసల మధ్య పరుగులు పెట్టాడు. "అతకండి! దారం అతకండి!"

"దారం మీది సారూ, చేతులు మావి," అంది దగ్గుతూనే ఆ కొత్తావిడ.

పోలీసులు వచ్చారు. సూపర్‌వైజర్ అతుకులమ్మ వైపు వేలు చూపించాడు. గేటు దగ్గర ఆవిణ్ణి వ్యాను ఎక్కించబోతుండగా మేనేజర్ గొంతు తగ్గించాడు. "నీ మాటంటే వాళ్ళకు గురి. ఒక్క మాట చెప్పి పనిలోకి పంపు. కేసుండదు. నీ తోడికోడలికి గేటు దగ్గర కూర్చునే పనిస్తా, హాయిగా బతుకుతుంది."

అతుకులమ్మ కాళ్ళు ఆగిపోయాయి. కబురు తెలిసి గోడ పట్టుకుంటూ వచ్చిన తోడికోడలు అక్కడే ఉంది. ఆ మాట వింది.

"నా మిషన్ దగ్గర ఇప్పుడెవరున్నారక్కా?"

"కొత్తావిడ."

"దగ్గుతోందా?"

"దగ్గుతోంది."

"మరి నా మొహం చూస్తావేంటక్కా?"

అతుకులమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇది మాత్రం నేను అతకను సార్," అని తనే వ్యాను ఎక్కింది.

గేటు బయట రెండో షిఫ్టు జనం నిలబడి ఉన్నారు. ఫిట్టర్ మామ సుత్తిని వాళ్ళ చేతికిచ్చాడు. వాళ్ళు గేటు దాటి లోపలికి పరుగెత్తారు. వ్యాను మలుపు తిరగకముందే, పక్క షెడ్డు కిటికీల నుంచి మేకులు ఊడుతున్న చప్పుడు వినిపించింది.