ఏ పచ్చ?

రిజర్వాయర్ నీళ్ళలో మా ఊరు మునిగాక కోస్గిలో కిరాయి ఇంటికి వచ్చాం. నా భార్య గుర్వమ్మకు ఆ ఇల్లు పడలేదు. మంచం పట్టింది. దవాఖాన వాళ్ళు ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నారు. ఆమె అడిగింది ఒక్కటే, చేను చూపించమని.

నేను కట్ట మీదికి పోయి చూసి వచ్చాను. చెట్ల తలలు కూడా కనిపించలేదు.

"నీళ్ళల్ల ఏం జూస్తవే?" అన్నాను.

"నీళ్ళు నువ్వు జూడు. నాకు చేను జూపియ్యి."

మా బిడ్డ స్వర్ణ హైదరాబాద్‌లో ఒక నగల దుకాణానికి డిజైన్లు గీస్తుంది. చిన్నప్పుడే హాస్టల్‌కు పోయింది కాబట్టి చేను దానికి సరిగా గుర్తులేదు. చేనునే రాళ్ళతో లాకెట్ చేసి అమ్మకు తెస్తానని ఫోన్ చేసింది.

"మన్ను ఎట్లుండె బాపు?"

"ఎర్రగ."

"చేను?"

గుర్వమ్మ వైపు చూశాను. "పచ్చగ" అంది. నేనూ "పచ్చగ" అన్నాను.

"ఇద్దరికి కలిపి ఒక్కటే మాటనా? జర ఇంకోటి చెప్తే నోరు అరుగుతదా?"

ఆదివారం తెచ్చింది. వెండి లాకెట్. కింద మట్టికి గోమేధికం, పైన చేనుకు పచ్చరాయి, నడుమ గట్టులాగా సన్నని తీగ. గుర్వమ్మ దాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"గిది ఎవల చేను?"

"మనదే అమ్మా."

"మన్ను మనదే. చేను మనది గాదు. మనది పచ్చగుంటది."

"గిది పచ్చనే కద!"

"గిది వానకాలం పచ్చ బిడ్డా. అందరి చేన్లు గట్లనే ఉంటయి. నేను చెప్పింది కుసుమలు పూసిన పచ్చ. పసుపు తీరు."

స్వర్ణ ముఖం చిన్నబోయింది. పుష్యరాగం పెట్టించి తెస్తానని ఆ సాయంత్రమే బస్సెక్కింది.

గుర్వమ్మ రోజూ కళ్ళు తెరవగానే "వచ్చెనా?" అని అడిగేది. ఒక పొద్దున అడగలేదు.

స్వర్ణ లాకెట్‌తోనే వచ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, తల్లి మెడలో వేయబోయి ఆగింది. నా ముందు పట్టింది.

"చెప్పు బాపు. గిదేనా ఆ పచ్చ?"

పసుపు రాయి మెరిసింది. కళ్ళు మూసుకుని చేనును తలచుకున్నాను. గట్టు కనిపించింది. గట్టు అవతల నీళ్ళు. ఎంత తలచినా నీళ్ళే. పూల రంగు రాలేదు. అదేనో కాదో చెప్పగలిగిన మనిషి చాప మీద పడుకుని ఉంది.

"గిదే బిడ్డా" అన్నాను. "ఏసెయ్."