కొంగులో గువ్వ

ధర్మవరంలో తెల్లారిందంటే మగ్గాల చప్పుడే. చాముండేశ్వరి కాళ్ళు మగ్గం గుంతలోకి దించిందంటే మళ్ళా పైకి తీసేది దీపాలు పెట్టే వేళకే. గోడకానుకొని అత్త మారక్క కండెలు చుడుతూ కోడలిని కనిపెట్టుకొని ఉంటుంది. మొగుడు నల్లప్ప పక్క మగ్గంలో తల ఎత్తడు.

పట్టు నూగుకు బిడ్డ నాగమణికి ఆయాసం వస్తాందని మూడేండ్లప్పుడే చాముండి పుట్టినూరు గుడిబండలో ఆమె అక్క చిన్నక్క దగ్గర వదిలినారు. ఇప్పుడు బడికి పోతాంది. పెద్దమ్మనే అమ్మా అని పిలుస్తాందని ఎస్టీడీ బూతులో విన్న దినం నుంచి చాముండికి అన్నం సయించలేదు. ఒక్కసారి పోయి చూసొస్తానంటే మారక్కది ఒకటే మాట.

"మగ్గం ఖాళీ అయినాక పోదువులే."

అదెప్పుడయ్యేది? పాత పడుగు అయిపోయేలోపే దాని కొసలకు కొత్త పోగులు, వేళ్ళకు బూడిద అద్దుకొని, ఒక్కొక్కటీ మెలేసి అతికేస్తారు. మారక్క కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ మగ్గం ఒక్కపూట కూడా బోసిగా లేదు.

ఆ యేడు పట్టిచ్చే సావుకారి ఒక క్యాలెండరు బొమ్మ తెచ్చి, చీర కొంగులో ఇదే రావాలన్నాడు. యాడనో వానలు తెగని అడవుల్లో పండ్లు తిని బతికే గువ్వ. వీపు చిలకపచ్చ, తల గులాబీ, పొట్ట కమలాపండు రంగు. దాన్ని కొమ్మ మీద కూర్చోబెట్టి, పక్కన జరీతో మేడిపండ్లు నేసింది చాముండి. మాపటికి పండ్లు లేవు. గువ్వ పొట్ట రవ్వంత ఉబ్బింది.

పక్షన్నాక తినదా అన్నారు ఇరుగుపొరుగు. చాముండి మళ్ళా నేసింది, అది మళ్ళా తినింది. జరీ అయిపోతాందని మారక్కకు కడుపుమంట.

"తిండిపోతు గువ్వను నేసినావు కదే. మీ గుడిబండ బుద్ధే వచ్చె దీనికీ. రేపట్నుంచి పండ్లు నెయ్యాకు."

"పస్తు పెడితే ఉంటాదా అత్తా?"

"దారాల్లో ఉండేది యాడికి పోతాది? నువ్వు పోయినావా?"

తెల్లారి చాముండి పండ్లు నెయ్యలేదు. గువ్వ ఆ పొద్దంతా ఉత్త కొమ్మను పొడుస్తా గడిపింది. మర్నాడు కాఫీల వేళకు రెక్కలు విదిలించి కిటికీలోంచి ఎగిరిపోయింది. దాని కాలెంబడే పట్టుపోగు. పోగు వెనకాలే కొంగు ఊడింది, అంచు ఊడింది, పడుగంతా అతుకులతో సహా సరసరా జారిపోయింది. నల్లప్ప పట్టుకోబోతే అరచెయ్యి కోసుకుంది. మగ్గానికి చెక్కలే మిగిలినాయి.

మగ్గం కాడ అన్న మాట తప్పితే చెయ్యి ఆడదని ఆ ఇండ్లల్లో నమ్మకం. మారక్క ఆ బోసి మగ్గాన్ని చూసి, మొగం పక్కకు తిప్పుకొని, "పొద్దుండంగానే బస్సెక్కు" అనింది.

పెనుకొండ దాటేటప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తే, కొండ మీదుగా హిందూపురం దిక్కుకు పోగు మెరుస్తానే ఉంది.

గుడిబండలో చిన్నక్క ఇంటెనక మేడిచెట్టు మీద కూర్చొని గువ్వ కడుపారా తింటాంది. కింద నాగమణి పట్టుపోగును లాగి లాగి ఉండ చుడతాంది. పెరటి గడపలో నిలబడిన మనిషిని ఎగాదిగా చూసింది.

"ఇది నీదా?"

చాముండి తలూపింది.

"పొద్దన్నుంచీ లాగతానే ఉండా. ఎంతసేపటికి వచ్చేది నువ్వు?"