సున్నాల వరుస

నలభై రోజులపాటు ఇద్దరు మనుషులు ఒకరి లెక్క ఒకరు చూడకుండా లెక్కపెట్టిన మొలకల్లో, ఏ రోజూ ఏ పళ్లెంలోనూ ఒక్క మొలకైనా తేడా రాలేదని లెక్కలమ్మ ఆ ఉదయం తొమ్మిదిన్నరకు కనిపెట్టింది.

ఇంకొకరైతే సంతోషించేవారు. ఆమెకు భయం వేసింది.

ఆ విత్తనాల ప్రయోగశాలలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ లెక్కలమ్మే. పాత విత్తనాలను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వేస్తే ఎక్కువ మొలుస్తాయా అన్నది ఆమె పరిశోధన పేపరు. పళ్లేనికి వంద గింజలు. రోజూ ఆరు పళ్లేలు లెక్కకు వచ్చేవి. ఉదయం ఎనిమిదికి లెక్కలమ్మ లెక్కపెట్టి తన పుస్తకంలో రాసుకునేది. పదింటికి ప్రయోగశాల సహాయకుడు, అందరూ బాబాయి అని పిలిచే పెద్దమనిషి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేవాడు. ఆ లెక్క ఆయన పేరున్న ఇంకో పుస్తకంలోకి ఎక్కేది.

రెండుసార్లు ఎందుకంటే, మొలక అనేది కనబడినంత తేలికైన వ్యవహారం కాదు. గింజ పగిలి తెల్లటి మొన ఒక్కటే బయటికి వస్తే అది మొలకా, కాదా? ఒకరు అవునంటారు, ఇంకొకరు రేపటికి చూద్దామంటారు. అందుకే తేడాలు వస్తాయి. రెండువందల నలభై పళ్లేల్లో యాభై అరవైచోట్ల ఇద్దరి మాటా కలవకపోతే అది లెక్క. అన్నిచోట్లా కలిస్తే అది నకలు.

ముందురోజు సాయంత్రం పెద్ద మేడం, అంటే ఆమె గైడు, పేపరు చదివి ఒక్క సవరణ చెప్పింది. "ఇద్దరికీ ఎన్నిచోట్ల తేడా వచ్చిందో ఒక వరుస కలుపు. చదివేవాళ్లు ముందు అదే అడుగుతారు." అప్పటిదాకా లెక్కలమ్మ రెండింటి సగటు తీసుకుంటూ వచ్చిందే తప్ప రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూసింది లేదు. ఇప్పుడు పెట్టింది. కంప్యూటరు తెరమీద పైనుంచి కిందిదాకా సున్నాలు. సున్నా, సున్నా, సున్నా. ఎవరో తీరుబడిగా కూర్చుని పేర్చినట్టు.

సాయంత్రం ఐదింటికి పరిశోధన పత్రిక గడువు. రేపు పదింటికి కమిటీ. పేపరు పంపినట్టు రసీదు ఆ కమిటీ బల్లమీద లేకపోతే ఆమె ఉద్యోగం ఈ నెలాఖరుతో సరి. ఆరేళ్ల చాకిరీ పెట్టెలో సర్దుకుని ఇంటికి పోవడమే.

ఆ వరుస తీసేసి పంపితే?

వేలు తుడిపేసే మీటమీదికి వెళ్లింది. మేడం ఒకవేళ అడిగితే మరిచిపోయానని చెప్పొచ్చు. గడువు రోజున ఎవరు మరిచిపోరు? వేలు అక్కడే ఆగింది. అరనిమిషమో, రెండు నిమిషాలో. తర్వాత ఆమె లేచి, నడుస్తున్నానని తనకు తాను చెప్పుకుంటూ బాబాయి పేరున్న పుస్తకం పట్టుకుని దాదాపు పరుగెత్తి మొలకల గదికి వెళ్లింది.

బాబాయి ఖాళీ రాక్‌లు తుడుస్తున్నాడు.

"బాబాయ్, ఒక్కమాట. నిజం చెప్పాలి."

"అబద్ధమైతే ముందే చెప్పాల్సింది. తయారై వచ్చేవాణ్ణి."

ఆమె నవ్వలేదు. "మీరు లెక్కపెట్టేటప్పుడు నా పుస్తకం చూసేవారా?"

గుడ్డ ఆగింది. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. మన లెక్కలు రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి. ఒక్క తేడా లేదు. మొన్న మీరు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారని విన్నాను. ఒకవేళ సరిగ్గా ఆనక..."

"గుడ్డోడు కాపీ కొట్టాడంటావు."

"అలా అనలేదు బాబాయ్."

"అన్నావు. మర్యాదగా అన్నావు, అంతే తేడా."

చొక్కా జేబులోంచి కొత్త కళ్లజోడు తీసి ఆమె ముందు బల్లమీద పెట్టాడు. "డాక్టరు దగ్గరికి వెళ్లింది దీనికోసం. నీ గింజల మొనలు మసగ్గా ఉంటున్నాయని. సెలవు పెట్టి వెళ్లాను, నీ పని ఆగకూడదని పొద్దున్నే లెక్క ముగించి మరీ వెళ్లాను. పేపర్లో చివర నా పేరు వేస్తానన్నావు కదా. మా ఇంటిదానికి చెప్పుకున్నాను కూడా."



"ఆ మూల చివరిరోజు పళ్లేలున్నాయి. ఇంకా కడగలేదు. తిరగేసి చూసుకో," అన్నాడు బాబాయి. "చేతులు తడిగా ఉంటాయి కదా, నేను ముందు పళ్లెం అడుగున మైనం పెన్సిలుతో రాస్తాను. నీకు కనబడకూడదని కూడా. కాగితంమీద ఎక్కించేది తర్వాత."

ఆమె ఒక్కొక్క పళ్లెమే ఎత్తి తిరగేసింది. మొదటిది ఎనభై నాలుగు. చేతిలోని పుస్తకంలోనూ ఎనభై నాలుగే. రెండోది డెబ్బై తొమ్మిది. పుస్తకంలో ఎనభై ఒకటి. మూడోది సరిపోయింది. నాలుగోది అరవై ఆరు. పుస్తకంలో అరవై ఐదు. మిగతా రెండూ సరిపోయాయి. ఆరింటిలో రెండు తేడాలు. ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి.

అంటే బాబాయి లెక్క నిజం. ఆయన పేరున్న పుస్తకం అబద్ధం.

"క్షమించండి బాబాయ్."

"అది తర్వాత తీరిగ్గా అడుగుదువుగాని. ముందు దొంగను పట్టుకో. నా పేరుమీద నేను రాయని అంకెలున్నాయి."

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి బాబాయి పేరున్న పుస్తకం మళ్లీ తెరిచింది. ముత్యాలు కూర్చినట్టున్న రాత. ఒక్క కొట్టివేత లేదు. ఆ రాత ఎవరిదో ఆమెకు కొత్తగా తెలియాల్సిన పనిలేదు. ఆ రాత చూస్తూనే ఆమె అక్షరాలు దిద్దింది.

పత్రికవాళ్లు లెక్కల పుస్తకాల ఫొటోలు కూడా అడుగుతారు. బాబాయి కాగితాలేమో తడిసి, ముడతలుపడి, కోడి గెలికినట్టుండేవి. ప్రతి శనివారం ఆమె వాటిని సంచీలో వేసుకుని, పక్కన తన పుస్తకం కూడా పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేది. నాన్న వాటిని శుభ్రంగా ఎత్తి రాసేవాడు. ఊరికే కూర్చుని ఏం చేస్తాను, ఇలా తే అమ్మడూ అని ఆయనే అడిగి తీసుకున్నాడు. పని తగ్గిందని ఆమె మురిసిపోయింది. రాసింది మళ్లీ సరిచూడలేదు. నాన్న రాసినదాన్ని సరిచూడటమేమిటి? ముప్ఫై నాలుగేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఇప్పటికీ దినపత్రికలో తప్పులకు పెన్సిలుతో సున్నా చుట్టనిదే కాఫీ తాగడు. మందుసీసా మీది చీటీని కూడా వదలడు.

మొన్నొకసారి, ఆ పాత కాగితాలున్నాయా నాన్నా అని అడిగితే, "తడిసి కంపు కొడుతుంటే పారేశాను," అన్నాడు. అప్పుడు ఆ మాట చెవిలో పడి జారిపోయింది. ఇప్పుడు గుర్తొచ్చింది.

పెద్ద మేడం గదిలో అంతా చెప్పింది. ఎత్తి రాసిన చెయ్యి ఎవరిదో ఒక్కటే మింగింది. మేడం కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఎత్తి రాయించింది ఎవరు?"

"నేనే మేడం."

"సరిచూడనిది?"

"నేనే."

"సరే. అది ముందు ఒప్పుకున్నావు కాబట్టి కూర్చో." మేడం గోడ గడియారం చూసింది. పదకొండూ పది. "మంచి పేపరుకి ఏం కావాలని ప్రతి ఏడూ కొత్తవాళ్లు అడుగుతారు. భాష కావాలి, బొమ్మలు కావాలి అనుకుంటారు. చదివేవాడికి నీమీద అనుమానం వచ్చేలోపు నీకు నీమీద రావాలి. అంతే. నీకు వచ్చింది, కాకపోతే గడువు రోజు వచ్చింది. బాబాయి చేత్తో రాసిన కాగితాలున్నాయా?"

"పారేశామన్నారు."

"అన్నారా? ఎవరు?"

"ఇంటికెళ్లి వెతుకుతాను మేడం."

"కాగితాలుంటే నిజం అంకెలు రెండు గంటల్లో ఎక్కించుకోవచ్చు. నీ ఫలితం కొంచెం బలహీనపడుతుంది, పడనీ. శీర్షికలో 'కచ్చితంగా' అన్నది కొట్టేద్దాం. కాగితాలు లేకపోతే పేపరు లేదు. ఇంకోటి. ఒక పుస్తకంలో అంకెలు మారాయని, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో పేపరుతోపాటు రాసి పంపాలి. నీ ఊహ కాదు. చేసిన మనిషి తన మాటల్లో రాసి సంతకం పెట్టాలి. లేకపోతే నేను పెట్టను. రెండింటిలోపు తే."

బస్సు పద్నాలుగు స్టాపులు ఆగింది. ప్రతి స్టాపులోనూ ఎవరో చిల్లర వెతుక్కుంటూ మెట్లమీదే నిలబడ్డారు. లెక్కలమ్మ కిటికీ ఊచ పట్టుకుని ఒకటే ప్రశ్నను అటూ ఇటూ తిప్పింది. నాన్నను దొంగ అనడం ఎలా? అనకుండా ఉండటం ఎలా? పొద్దున బాబాయిని ఎంత తేలిగ్గా అనేసింది. ఆయన నాన్న కాదు కాబట్టే కదా.

తలుపు తీసేసరికి ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఒడిలో దినపత్రిక, చెవిమీద పెన్సిలు.

"ఇంత పెందలాడే వచ్చావేం? పంపేశావా?"

"లేదు నాన్నా. ఆగిపోయింది."

ఆయన పత్రిక మడిచాడు. ఎందుకని అడగలేదు. ఆ అడగకపోవడంతోనే ఆమెకు సగం తెలిసిపోయింది.

"మా బాబాయి ఉన్నాడే, ఆయన నా లెక్క చూసి కాపీ కొట్టాడని పొద్దున మొహంమీదే అనేశాను. ఆయన జోడు తీసి బల్లమీద పెట్టాడు. కళ్లలో నీళ్లొక్కటే తక్కువ," అంది లెక్కలమ్మ. నాన్న మొహం చూడకుండా సంచీలోంచి పుస్తకం తీసి ఆయన ఒడిలో పెట్టింది. "ఇందులో ఒక్క తేడా లేదు. ఆయన రాసిన కాగితాల్లో ఉన్నాయి. ఆ కాగితాలు నిజంగా పారేశావా?"

ఆయన పుస్తకం తెరవలేదు. అట్టమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. 

"అతన్ని అన్నావా?" అన్నాడు. "నన్ను అడక్కుండా అతన్ని ఎందుకన్నావు అమ్మడూ?"

"నిన్ను అనుమానించడం నాకు చేతకాలేదు."

ఆయన లేచాడు. మోకాలు పట్టేసి, గోడ ఆనుకుని, బీరువా అడుగు అరలోంచి బిస్కెట్ల డబ్బా ఒకటి తీశాడు. మూత తెరిస్తే తడి వాసన గుప్పుమంది. వారానికో కట్ట చొప్పున ఆరు కట్టలు, ఒక్కోదానికి దారం, పైన తేదీల చీటీ. ముప్ఫై నాలుగేళ్లలో ఆయన ఏ రాతప్రతినీ పారేసింది లేదు. పారేశానన్న అబద్ధం ఆడాడుగాని పారేయడం చేతకాలేదు.

లెక్కలమ్మ నేలమీదే కూర్చుంది. డబ్బా ఒడిలోకి లాక్కుంది. పన్నెండూ ఇరవై. పేపరు బతికింది. ఇంకొక్కటి మిగిలింది.

"మేడం ఒకటి అడిగారు నాన్నా. ఎవరు దిద్దారో, ఎందుకు దిద్దారో... రాసిమ్మన్నారు. సంతకంతో. అది పేపరుతో వెళుతుంది. అందరూ చదువుతారు."

"నీ పేరు పాడవుతుందా?"

"తెలీదు. రాయకపోతే మాత్రం బాబాయి పేరు పాడవుతుంది."

ఆయన చెవిమీది పెన్సిలు తీసి పక్కన పెట్టాడు. కలం తీసుకున్నాడు.  తెల్లకాగితంమీద ఆపకుండా రాశాడు. ఆయన రాతలో కొట్టివేతలు ఆమె చూడటం అదే మొదటిసారి. రెండున్నాయి. కాగితం ఆరడానికి ఊది, ఆమె చేతికిచ్చాడు. అందులో ఇలా ఉంది:

"పెద్ద మేడం గారికి. రెండో పుస్తకంలో అంకెలు మార్చింది నేను. ఈ అమ్మాయి తండ్రిని. నా వృత్తి ప్రూఫులు దిద్దడం. ఒక చేతిలో రాతప్రతి, ఇంకో చేతిలో అచ్చు కాగితం పెట్టుకుని, రెండూ కలవనిచోట అచ్చు తప్పని దిద్దేవాణ్ణి. మొదటి శనివారం మా అమ్మాయి పుస్తకం, ఆ పెద్దమనిషి కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే కొన్ని అంకెలు కలవలేదు. అమ్మాయి పుస్తకాన్ని రాతప్రతి అనుకున్నాను. ఆయన చెయ్యి జారిందనుకుని దిద్దాను. రెండు శనివారాలు అలాగే చేశాను. అది తెలియక చేసింది.

ఆ తర్వాత ఒకరోజు అన్నం తింటూ, ఇద్దరు లెక్కపెడితే తేడాలు రావాలి నాన్నా, రాకపోతేనే భయపడాలి అని అమ్మాయి చెప్పింది.  అప్పుడే చెప్పి ఉండాల్సింది. నాన్న రాస్తే చూడక్కర్లేదని ఆమె పదిమందికీ చెప్పుకుంటుంది. ఆ మాట పోతుందని నోరు తెరవలేదు. మూడో వారంనుంచి తేడాలు అలాగే ఉంచితే మొదటి రెండు వారాలు పట్టుబడతాయని మిగతావి కూడా దిద్దాను. అది తెలిసి చేసింది. అడిగినప్పుడు కాగితాలు పారేశానన్నాను. అదీ అబద్ధమే.

ఆ పెద్దమనిషి లెక్కలో తప్పు లేదు. ఆయన రాత బాగుండదుగాని అంకెలన్నీ చదవడానికి వస్తాయి. ఆయన దగ్గరికి రేపు నేనే వస్తాను. తెలియక మార్చినవి ఇరవై రెండు, తెలిసి మార్చినవి ముప్ఫై తొమ్మిది. మొత్తం అరవై ఒకటి. ప్రతిదాని పక్కనా కాగితంమీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి ఉంచాను. ఒకసారి సరిచూసుకోండి."